అడుగుల గోడ

తమిళనాడులో ధర్మపురి నుంచి ఇండూరు వైపు పోయే టౌను బస్సులో కూర్చున్నాం, నేనూ మా చిన్నవాడూ. కండక్టరు "స్టేడియం, స్టేడియం" అని అరిచి ఈల వేశాడు. మావాడు కిటికీలోంచి అటూ ఇటూ చూసి, "ఎక్కడమ్మా స్టేడియం?" అన్నాడు.

"అదిగో" అని చెయ్యి చూపించాను. చూపించిన చోట కల్యాణ మంటపం ఉంది. తప్పేమోనని చేతిని కొంచెం పక్కకు జరిపాను. అక్కడ పంక్చర్లు వేసే అంగడి ఉంది.

"ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నాడు వాడు విసుగ్గా.

"నాకే తెలిస్తే చెప్పనా?" అన్నాను, వాడికంటే విసుగ్గా.

పక్క సీటావిడ నవ్వింది. తను కోడలిగా ఈ ఊరు వచ్చినప్పటి నుంచీ ఈ స్టాపు పేరు ఇదేననీ, స్టేడియాన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదనీ తమిళంలో చెప్పింది. మేం పోతున్నది ఆ మంటపంలో పెళ్లికే. బంధువుల పెళ్లి. అక్షతలు వేసి, భోజనాల హాల్లో ఆకు ముందు కూర్చున్నాక కూడా నా బుర్ర ఊరుకోలేదు. చిన్నప్పుడు నేను చూసిన స్టేడియాన్ని పడగొట్టాక రోడ్డూ అంగళ్లూ వచ్చి, ఏది ఎక్కడుండేదో ఆనవాలు లేకుండా పోయింది. నేను కూర్చున్నది గోలు ఉన్న చోటా, గ్యాలరీ ఉన్న చోటా? వడ్డించే కుర్రాడు సాంబారు గిన్నె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డాడో పాపం, చివరికి పోసేసి వెళ్లిపోయాడు.

స్టేడియం అంటే టీవీలో కనపడేలాంటిది కాదు. ఎర్రమట్టి నేల, చుట్టూ మనిషెత్తు ఇటుక గోడ, ఒక వైపు పైకప్పు లేని మెట్ల గ్యాలరీ, రెండు చివర్లా సరుగుడు కొయ్యలతో గోలు స్తంభాలు. అంతే. దాన్ని ఎవరు కట్టించారో నాకిప్పటికీ తెలియదు. మా తాతనడిగితే, ఒక కరువు ఏడాది పెద్ద రైతెవరో కూలీలకు రాగులు కొలిచిచ్చి కట్టించాడనేవాడు. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, అదంతా కట్టుకథ అనేవాడు. ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లే ఇంటింటికీ తిరిగి ఇటుకలు అడుక్కొచ్చి కట్టుకున్నారట. గోడలో ఇటుకలు ఒక్క సైజులో ఉండేవి కావు, దాన్నిబట్టి చూస్తే మామ మాటే నిజమనిపిస్తుంది. కానీ తాత అబద్ధం చెప్పే మనిషి కాదు. నేను ఇద్దరి మాటా నమ్మి ఊరుకున్నాను.

ఆ ఏడాది మా నాయన బెంగుళూరులో బిల్డింగు పనికి పోయి ఉన్నాడు. నేనూ అమ్మా తాత ఇంట్లో ఉన్నాం. స్టేడియానికి తాత ఇల్లు ఎంత దగ్గరంటే, బంతి తగిలి అవ్వ ఎండబెట్టిన వడియాలు పాడైన రోజులున్నాయి. పొద్దున, సాయంత్రం అక్కడ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. మామ కొత్తు పని, అంటే తాపీపని చేసి ఇళ్లకు గోడలు కట్టేవాడు. పని లేని వేళల్లో గోలు కాసేవాడు. రాగులూ ఉలవలూ ఇళ్లకు చేరి పొలాల్లో పని తగ్గాక అక్కడే కుక్కల పందేలు జరిగేవి. ఈ రెండు జట్లకూ పడేది కాదు. కుక్కలు గోలు ముందర గుంతలు తవ్వుతాయని వీళ్ల గోల, బంతిని చూసి కుక్కలు చెడిపోతాయని వాళ్ల గోల. మామ బంతి మనిషి, తాత కుక్కల మనిషి, కాబట్టి ఆ తగవు మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా నడిచేది. అవ్వ ఇద్దరికీ కలిపి ఒకే తిట్టు తిట్టేది.

పందెం అంటే బొమ్మ కుందేలు వెంట ఉరికించడం కాదు. ఆ యంత్రాలు మాకెక్కడివి. ఒక గోలు దగ్గర కుక్కల్ని పట్టుకుంటారు. ఎదుటి గోలు దగ్గర వాటి యజమానులు నిలబడి తువ్వాలు ఊపుతూ గొంతెత్తి పిలుస్తారు. చేతిలో తిండి ఉండకూడదు. ఒక్కసారిగా వదిలితే ఏ కుక్కకాకుక్క తన మనిషి గొంతు వెతుక్కుంటూ ఆ మనిషి దగ్గరికి ఉరుకుతుంది. ముందు చేరింది గెలిచినట్టు.

గెలిచిన కుక్కకు కప్పూ లేదు, పతకమూ లేదు. గ్యాలరీ వెనక గోడకు అరచేయంత మేర తడి సిమెంటు మెత్తి, దాంట్లో ఆ కుక్క ముందుకాలు అదుముతారు. సిమెంటు ఆరాక అడుగు అలాగే నిలిచిపోతుంది. దాన్ని అడుగుల గోడ అనేవాళ్లు. పిల్లలం గ్యాలరీ కిందికి దూరి, ఆ గుంటల్లో వేళ్లు పెట్టి, ఏ కుక్క కాలు పెద్దదో తగవులాడుకునేవాళ్లం. చింతపండూ ఉప్పూ ఎండుమిరపకాయా దంచి పుల్లకు గుచ్చుకుని చీకుతూ, జిగట చేతుల్ని ఆ గోడకే తుడిచేవాళ్లం. ఒకసారి పందేలు నడిపే పెద్దాయన చూసి, "అది మీ అమ్మ కొంగనుకొన్నారా?" అని తరుముకున్నాడు. ఆ గ్యాలరీ కింది వాసన నాకిప్పుడు కూడా తెలుస్తుంది. తడి ఇటుక, బీడీ పొగ, కుక్కల ఒంటికి రుద్దే ఆముదం, బయట బండి మీద కాగే బోండాల నూనె, అన్నీ కలిసి ఒకటే వాసన.

ఆ గోడ మీద మా ఇంటి కుక్క అడుగు ఒక్కటి కూడా లేదు. తాత వయసులో ఉన్నప్పటి నుంచీ వేటకుక్కల్ని పెంచాడు. ఒకటి పందెం మధ్యలో మేక వెంట పడింది. ఇంకొకటి పందెం ముందర జబ్బు పడింది. మరొకటి మూతంత తేడాతో రెండోదైంది. ప్రతిసారీ తాత ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, "సరి, వచ్చే ఏడు చూద్దాం" అనేవాడట. అవ్వ చెప్పింది.

ఆ ఏడు మాత్రం వచ్చే ఏడు లేదని పందేలకు ముందే తెలిసిపోయింది. పందేలు కాగానే స్టేడియం పడగొడతారన్నారు. ఎందుకో ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. రోడ్డు వెడల్పు చేస్తారని టీ అంగడిలో అనుకున్నారు. స్థలం మీద కేసు తీర్పయిందని ఇంకెవరో అన్నారు. కొలిచేవాళ్లు వచ్చి నేల మీద సున్నంతో గీతలు గీసి పోతే, అవి ఫుట్‌బాల్ గీతలనుకుని చిన్నపిల్లలు సాయంత్రం దాకా వాటి మధ్యనే ఆడారు. గోలు ఎటుందో తెలియక బంతిని అటూ ఇటూ కూడా కొట్టారు.

"ఈసారి మన కుక్క అడుగు పడాల" అన్నాడు తాత, తిన్నె మీద కూర్చుని.

"పడితే ఏం లాభం తాతా? గోడనే పడగొడతారంట గదా" అన్నాను.

"ఉన్నంతసేపు ఉంటాది గదా పాపా."

"ఎన్ని దినాలుంటాది?"

"ఎన్ని దినాలన్నా ఉండనీ. ఉండిందా లేదా, అదే లెక్క."

ఇది నాకు అర్థం కాలేదు. పోయే గోడ మీద అడుగెందుకని అమ్మనడిగాను. ముసలాళ్లకు అట్లే ఉంటుందంది. అవ్వనడిగాను. మీ తాతకు పనేముంది అంది. కానీ తాత ముఖం చూస్తే ఇది ఊరికే అన్న మాట కాదని తెలిసేది. పొద్దున లేవగానే కాఫీ గ్లాసుతో ఆ గోడ దగ్గరికి పోయి, ఖాళీగా ఉన్న ఇటుకల్ని చూసి వచ్చేవాడు.

ఆ కుక్క సంగతి చెప్పాలి. దక్షిణం వైపు లోడుకు పోయిన లారీ డ్రైవరెవరో పిల్లగా తెచ్చిచ్చాడు. ఇసక రంగు, సన్నటి పొట్ట, పొడుగు మూతి. తాత దాన్ని దొర అని పిలిచేవాడు. అవ్వ నాయనా అనేది. మామ ఎవరి దగ్గర విన్నాడో, టైగర్ అనేవాడు. అమ్మ దానికి పేరే పెట్టకుండా ఒరే అనేది. అన్నిటికీ పలికేది పాపం. నేను పేరేమీ పెట్టలేదు. బడిలో మధ్యాహ్నం భోజనంతో గుడ్డు ఇచ్చిన రోజున సగం గుడ్డు పావడా జేబులో దాచి తెచ్చేదాన్ని. నేను సందు తిరగకముందే ఎదురొచ్చి, జేబులో మూతి పెట్టేది. మా ఇద్దరి మధ్యా పేరుతో పని పడలేదు.

ఒకరోజు పొద్దున తాత అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఇయ్యాల్టి నుంచి దానికి కూడు పెట్టేది నేనొకణ్ణే" అన్నాడు. "ఎవురూ ఏమీ పెట్టగూడదు. పిలవగూడదు, నిమరగూడదు. నేను తప్ప దానికి లోకంలో ఎవురూ లేరనిపించాల. అప్పుడే నా గొంతుకు ఉరికొస్తాది."

పందెం కుక్కల్ని పెంచే ఇళ్లన్నిట్లో ఉన్న పద్ధతే అది. ఒక చేతి కూడు అనేవాళ్లు. మా ఇంట్లో అంతకుముందు దాన్ని ఇంత గట్టిగా పట్టించలేదు.

"అదేం పాపమయ్యా" అంది అవ్వ.

"నేను పెట్టనా దానికి?" అన్నాడు తాత.

"నువ్వు పెట్టేది చూసినాం లే. ఒక పూట."

"ఒళ్లు వస్తే ఉరుకుతాదా?" అన్నాడు తాత. "అందరూ ఇన్నారు గదా?"

అందరూ తలలూపారు. మామ కూడా ఊపాడు.

నేను విన్నాను. నిజంగానే విన్నాను. బడిలో గుడ్డు మొత్తం నేనే తినేశాను, గొంతు దిగకపోయినా. ఇంటికొస్తే అది ఎదురొచ్చి పావడా వాసన చూసేది. నేను గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని. అది వెనక్కి పోయి, మళ్లీ వచ్చి, నా మోకాలి వెనక ముక్కు పెట్టేది, తడిగా. "పో" అనడానికి కూడా లేదు, మాట్లాడితే పిలిచినట్టవుతుందేమోనని భయం. కొన్నాళ్లకు ఎదురు రావడం మానేసింది. ఒకరోజు తాత మంచం కింద పడుకుని నా వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకుంది.

ఆ సాయంత్రం నాకు ఏడుపొచ్చింది. అమ్మకు చెప్పుకున్నాను. "మంచిదే గదే. తాత చెప్పినట్టే అవుతా ఉండాది" అంది అమ్మ. అంటూనే గుప్పిట్లో ఏదో పట్టుకుని పెరటి వైపు పోయింది. కుక్క లేచి ఆమె వెనకే పోయింది. అప్పుడు నాకేమీ తోచలేదు.

తాత దానికి రాగి సంగటి పలచగా చేసి, ఎముకల నీళ్లు కలిపి, చల్లార్చి, తన చేత్తో తినిపించేవాడు. ఆముదం రాసి కాళ్లు పిసికేవాడు. పొద్దున్నే పొలాల గట్ల మీద నడిపించేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆయనకు ఒక సందేహం పట్టుకుంది. "ఒక పూట తిని ఒళ్లు ఇంత నునుపెట్ల వచ్చింది?" అని దాని వీపు నిమిరి చూసుకునేవాడు.

"నీ చేతి కూడు అట్లాంటిది" అంది అవ్వ.

"అట్లనే ఉండాది" అన్నాడు తాత. ఆయనకు నమ్మకం కుదరలేదు, కానీ సంతోషం కలిగింది.

పందెం రోజున స్టేడియం నిండిపోయింది. ఆఖరిసారి కదా. కడత్తూరు వైపు నుంచి, మల్లాపురం వైపు నుంచి కూడా జనం వచ్చారు. ఆడవాళ్లు లోపలికి రావడం అలవాటు లేదు. గోడ బయట ట్రాక్టరు ట్రెయిలరు నిలబెడితే అవ్వా, అమ్మా, ఇంకొందరూ దాని మీదెక్కి గోడ పైనుంచి చూశారు. కుక్కలు దారి తప్పకుండా పక్క గీత కాయమని ఫుట్‌బాల్ కుర్రాళ్లను అడిగారు. మామ నేల నడిమికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు. నేను చిన్నదాన్ని కాబట్టి గ్యాలరీలో ముందు మెట్టు మీద కూర్చోనిచ్చారు. తాత తెల్ల చొక్కా తొడుక్కుని, భుజాన ఎర్ర తువ్వాలుతో, ఎదుటి గోలు దగ్గరికి నడిచిపోయాడు. పోయేముందు మా అందరికీ ఒకటే మాట చెప్పాడు. "ఎవురూ నోరు మెదపగూడదు." నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

కుక్కల్ని వదిలారు. మా కుక్క ముందుంది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, అన్నిటికంటే ముందుంది. తాత తువ్వాలు ఊపుతూ "దొరా, దొరా" అని పిలుస్తున్నాడు. నేల నడుమ ఫుట్‌బాల్ కోసం గీసిన గుండ్రటి గీత దాకా వచ్చేసింది.

అప్పుడు గోడ పైనుంచి అవ్వ గొంతు వినపడింది. "ఉరుకు నాయనా, ఉరుకు." ఆమె పిలవలేదు, ఉరకమని చెప్పింది. కానీ కుక్కకు ఆ తేడా ఏం తెలుస్తుంది. దాని చెవి ఒకటి అటు తిరిగింది. అది చూసి మామకు కంగారు పుట్టి, "టైగర్, నేరుగా పో" అన్నాడు చెయ్యి చూపిస్తూ. అమ్మ ట్రెయిలరు మీద నుంచి, "ఒరే, అటు కాదురా, తాత దగ్గరికి" అని కేకేసింది.

కుక్క ఆగిపోయింది.

సరిగ్గా ఆ గుండ్రటి గీతలో నిలబడింది. గోడ వైపు చూసింది. మామ వైపు చూసింది. తోక కొంచెం ఊపింది. మళ్లీ గోడ వైపు చూసింది, అవ్వ ఒక చోట, అమ్మ ఒక చోట. తాత వైపు చూసి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది. ఇంట్లో వాళ్లందరి వైపూ చూసింది. ముందు మెట్టు మీద, అందరికంటే దగ్గరగా ఉన్నది నేను. నా వైపు మాత్రం చూడలేదు.

మిగతా కుక్కలు దాని పక్కనుంచి పోయాయి. జనం నవ్వారు. "పెద్దాయనా, దానికి దారి చెప్పి పంపించకూడదా?" అని గ్యాలరీలో ఎవరో అన్నారు. తాత ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, గొంతు తగ్గించి. పందెం అయిపోయిందని అందరికీ తెలిశాక కూడా పిలిచాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, ఆ చివరి నుంచి నడిచొచ్చి, గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని మెడ మీద వేసుకుని బయటికి నడిచాడు. దాని కాళ్లు ఆయన ఛాతీ మీద వేలాడుతున్నాయి. నేను ఏడుస్తూ వెనకే ఉరికాను.

ఇంటికొచ్చాక అవ్వ అన్నం పెట్టినా తాత కూర్చోలేదు. తిన్నె మీద కూర్చుని, కుక్కను కిందికి దించి, "పో" అన్నాడు మెల్లగా. "ఎవురి దగ్గరికి పోతావో పో."

అది నేరుగా అవ్వ దగ్గరికి పోయి ఆమె రొంటిన దోపుకున్న గుడ్డసంచిలో మూతి పెట్టింది. అవ్వ చెనక్కాయ పప్పులూ బెల్లమూ దాచుకునేది ఆ సంచిలోనే. తర్వాత అమ్మ దగ్గరికి పోయి, ఆమె అరచెయ్యి కింద తల దూర్చి, ఏదో వస్తుందని ఎదురుచూసింది. తర్వాత మామ మీదికెక్కి చొక్కా జేబులోంచి బన్ను కాగితం లాగింది. తాత ఒక్కొక్కరి ముఖం చూస్తూ కూర్చున్నాడు.

"ఏం జేసేదయ్యా" అంది అవ్వ. "నా ఇంట్లో నోరున్న జీవం ఒక పూట తింటా ఉంటే నాకు అన్నం దిగలా. రవ్వంత పెట్టినా."

"నేను గుప్పెడు సంగటే నాయనా" అంది అమ్మ. "బలముంటే గెలుస్తాది గదా అనుకొన్నా. నేనొకదాన్నే గదా పెట్టేది, ఏమవుతాదిలే అని."

"నేనూ అట్లే అనుకొన్నా" అన్నాడు మామ తల వంచుకుని.

ముగ్గురూ ఒకరినొకరు ఆశ్చర్యంగా చూసుకున్నారు. తాత నా వైపు తిరిగాడు. "నువ్వు?"

"నేను పెట్టలా తాతా."

"పిలువు దాన్ని."

ఏమని పిలవాలో తెలియలేదు. "రా" అన్నాను. కుక్క తల తిప్పి తాతను చూసింది. నేను మళ్లీ "రా" అన్నాను. అది మామ కాళ్ల దగ్గర పడుకుంది.

"నా మాట ఇన్నది నువ్వొకదానివే" అన్నాడు తాత. "దానికి నువ్వొకదానివే అయినోళ్లలో లేకుండా పోయినావు."

మెచ్చుకున్నాడో, జాలిపడ్డాడో నాకర్థం కాలేదు. ఇప్పుడు కూడా కాదు. ఆ మాట అన్నాక చేతులు కడుక్కుని అన్నం కలుపుకున్నాడు. మొదటి ముద్ద కుక్కకు పెట్టమని నా చేతిలో పెట్టాడు. అది వాసన చూసి తిన్నది. కానీ సందు చివరి దాకా నాకు ఎదురు రావడానికి మళ్లీ చాలా కాలం పట్టింది.

కొన్నాళ్లకు యంత్రాలు వచ్చాయి. గోడ కూలేముందు తమ కుక్కల అడుగులున్న ఇటుకల్ని తీసుకుపోవచ్చన్నారు. గడ్డపారలు తీసుకుని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. ఒకాయన అడుగున్న ముక్కను గోనెలో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని మోపెడ్డు వెనక కూర్చుని పోయాడు. తాత కూడా గడ్డపార తీసుకుని బయలుదేరాడు.

"మనదేముండాది అక్కడ?" అంది అవ్వ.

తాత గడ్డపార భుజాన వేసుకుని గడప దాటాడు. మధ్యాహ్నానికి తువ్వాలులో ఒక ఇటుక చుట్టుకుని తెచ్చి తిన్నె మీద పెట్టాడు. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ లేదు. ఉత్త ఇటుక.

"దీని మీద అడుగు లేదే?"

"లేదు."

"మరి ఏంటికి తెచ్చినావు?"

"మనది పడాల్సిన చోటు అది" అన్నాడు తాత. "నేను చూసి పెట్టుకొని ఉంటి."

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. గోడ కూలిన చప్పుడు సాయంత్రం దాకా వినపడుతూనే ఉంది. ఎర్రదుమ్ము వచ్చి మా వాకిలి మీద, నీళ్ల బిందెల మీద పడింది. ఫుట్‌బాల్ కుర్రాళ్లు గోలు కొయ్యల్ని మా ఇంటి వెనక తెచ్చి పడేశారు. అవి వంటచెరకైపోయాయి.

ఇటుకను తాత తిన్నె చివర పెట్టించాడు. ఆ వారమే మామ పెరట్లో బట్టలుతికే బండకు సిమెంటు పని చేస్తున్నాడు. ఒకరోజు పొద్దున నేను లేచేసరికి తాత కాఫీ గ్లాసుతో తిన్నె దగ్గర నిలబడి ఉన్నాడు. ఇటుక మీద అరచేయంత మేర సిమెంటు మెత్తి ఉంది. దాంట్లో కుక్క అడుగు ఉంది. గోళ్లతో సహా స్పష్టంగా.

తాత వేలితో తాకి చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. దాని పక్కన కూర్చుని, కాఫీ చల్లారిపోయేదాకా తాగి, పొలానికి పోయాడు.

ఆయన పోయాక ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. "నీ పనేనా రా?" అంది అవ్వ మామతో.

"నేను కాదు. నీ మీద ఒట్టు. అక్క అనుకొన్నా" అన్నాడు మామ.

"నేను నువ్వనుకొన్నా" అంది అమ్మ. "సిమెంటు కలిపేది నాకేం తెలుసు?"

కుక్క కాలు చూద్దామని పోతే, దాని కాళ్లు నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ఎవరో కడిగారు. ఎవరి పనో ఇన్నేళ్లలో బయటపడలేదు. తాతే పెట్టుకున్నాడేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆ ఆలోచన వస్తే దాన్ని అక్కడే వదిలేస్తాను.

తర్వాత కుక్క పోయింది. తాత పోయాడు. అడుగు మాత్రం ఉండిపోయింది, తాత లెక్క ప్రకారం. ఇంటికి వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. "మా నాయన కుక్కది. ఆఖరి పందెంలో గెలిచింది" అని మామ మొదట్లో నవ్వుతూ చెప్పేవాడు. కొన్నాళ్లకు నవ్వకుండా చెప్పడం మొదలుపెట్టాడు. నేను పెళ్లయి హోసూరు పోయాను. వచ్చినప్పుడల్లా ఆ కథ కొంచెం పెరిగి ఉండేది. ఒకసారి ఉండబట్టలేక, "గెలవలేదు గదా మామా, నడుమన నిలిచిపోయింది గదా" అన్నాను. మామా, అమ్మా, అవ్వా ముగ్గురూ నన్ను వేరే ఇంటి మనిషిని చూసినట్టు చూశారు. "నువ్వు చిన్నపిల్లవి. నీకు గుర్తులేదు" అంది అమ్మ. నేను కళ్లారా చూశాను. అయినా ఆ రాత్రి నాకే అనుమానం వచ్చింది. అది గీత దాటిపోయినట్టు, తాత దాన్ని ఎత్తుకుని నవ్వినట్టు కూడా కొంచెం కొంచెం గుర్తొచ్చింది. ఏది చూశానో, ఏది విన్నానో విడదీయలేకపోయాను.

మొన్న పెళ్లి భోజనాలయ్యాక తాత ఇంటికి పోయాం. అవ్వకు ఇప్పుడు చూపు దాదాపు లేదు. తిన్నె మీద గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ లోపల కాఫీ కలుపుతోంది. మావాడు ఇటుక దగ్గర గొంతుక్కూర్చుని ఆ గుంటలో వేళ్లు పెట్టాడు, మేం పెట్టినట్టే. ఎవరూ నేర్పలేదు వాడికి.

"ఎవరి కాలు ఇది?" అన్నాడు.

మామ మొదలుపెట్టాడు. స్టేడియం, జనం, తెల్ల చొక్కా, ఎర్ర తువ్వాలు. అన్నిటికంటే ముందు ఉరికొచ్చి తాత గుండెల మీదికి దూకిందన్నాడు. మావాడు అంత సులువుగా నమ్మే రకం కాదు.

"నిజమేనా అమ్మా? నువ్వు చూసినావా?" అన్నాడు నా వైపు తిరిగి. "స్టేడియం ఎక్కడుండేదో కూడా నీకు తెలీదు గదా."

మామ నా వైపు చూశాడు. లోపల గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. అవ్వ తల ఎత్తింది. మళ్లీ నేను ఆ ముందు మెట్టు మీద, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కూర్చున్నట్టనిపించింది. ఆ ఇంట్లో ఒక్కదాన్నే చెప్పినమాట విన్నదాన్ని. దాని వల్ల నాకేం ఒరిగిందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

"చూసినాను" అన్నాను. "గ్యాలరీలో ముందర నేనే కూచోని ఉంటి. గెలిచింది."

అవ్వ మెల్లగా ముఖాన్ని నా గొంతు వచ్చిన వైపు తిప్పింది. చెయ్యి చాపి, "రా నాయనా, రా" అంది.

నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. అవ్వ రొంటిన దోపిన సంచిలోకి చెయ్యి పెట్టి, తడుముకుని, చెనక్కాయ పప్పులూ బెల్లం ముక్కా తీసి నా చేతిలో పెట్టింది.